గురవయ్య పడినకాడ తడి

మా ఊరికి పొద్దన్నే నీళ్ల ట్యాంకరొస్తది. పెద్దారవీడు పక్క బోరుకాడ పట్టుకోని బ్రహ్మం ట్రాక్టరుకి తగిలిచ్చి తెచ్చేవాడు. ఆడోళ్లు బిందెలు వరసబెట్టి ఒకరినొకరు తిట్టుకుంటా నిలబడేవాళ్లు. మా తమ్ముడు గురవయ్య పోయినకాడ నుంచి, ఆ బ్రహ్మం అందరికన్నా ముందు మా మరదలు నాగరత్నమ్మ బిందెలే నింపేవాడు.

"ఏం బ్రహ్మం, మా బిందెలకి మూతులు లేవా?" అని సుశీలమ్మ ఎత్తిపొడిస్తే, తల దించుకోని పైపు పట్టుకునేవాడు.

గురవయ్య పాలక్యాను కట్టుకోని సైకిలు మీద పోతావుంటే ఏదో బండి గుద్ది, నిలబడకుండా పోయింది. చూసినోళ్లు లేరు. మేం ఉరికేసరికి అయిపోయింది. వాణ్ని ఆస్పత్రికి తీసుకపోయినాక, నాగరత్నమ్మ ఇంట్లో ఉన్న రెండు బిందెల నీళ్లు తెచ్చి రోడ్డు కడిగింది. మొగుడి నెత్తురు ఎవరన్నా తొక్కుతారని.

ఎస్సై వచ్చి, "ఏందమ్మా ఇది! ఫోన్ చేసి, ఏదీ ముట్టుకోకుండా ఉండాల. టైరు గుర్తులు, అద్దం పెంకులు అన్నీ కడిగేస్తే ఆ బండిని ఎట్ల పట్టుకునేది?" అన్నాడు.

ఆ తడి ఇంక ఆరలేదు. ఎండలు మండినా ఆరలేదు. మేకలు ఆగి నాకి పోయేవి. పిచ్చికలు పొర్లేవి. ఎన్ని బండ్లు దాని మీద పోయినా ఒక్క టైరుకీ తడి అంటేది కాదు.

సాయంత్రమైతే నాగరత్నమ్మ పోయి దాని పక్కన కూచునేది. పిలిస్తే వచ్చేది కాదు.

"కేసు పోతే పోయింది వదినా. ఆఖర్న ఆయన ఏమన్నాడో! ఆ గుద్దినోడికి ఒక్కడికే తెలుసు" అనేది.

బ్రహ్మం మాత్రం ఆ రోడ్డు ముఖం చూళ్లా. చేలదారిన తిప్పుకోని వచ్చేవాడు. మొన్న పైపులకని ఆ దారి తవ్వినారు. ఇంక తప్పక రోడ్డున వచ్చినాడు. ఆ తడికాడ నుంచి రెండు తడి చారలు ట్రాక్టరు ఎనకాలే వచ్చి, మా మరదలి వాకిట్లో ఆగినాయి.

ఆడోళ్లు చారల్ని చూసినారు, వాణ్ని చూసినారు. పైపు కిందపడి నీళ్లు పోతావుంటే ఎవరూ బిందె పెట్టలేదు.

నాగరత్నమ్మ అరవలేదు. "ఏమన్నాడు నాయనా?" అనింది.

వాడు ఆ చారల వంకే చూస్తా చెప్పినాడు. "నీళ్లడిగినాడు పెద్దమ్మా. ట్యాంకరు నిండా ఉన్నాయి. దిగలేకపోయినా."

మా మరదలు లోపలికి పోయి చెంబు తెచ్చింది. ట్యాంకరుకాడ నింపి వాడి చేతికిచ్చింది. "పా. ఆయనకి పోసి, స్టేషన్‌కి పోదాం. నేనూ వస్తా" అనింది.

వాడు ముందు, ఆమె ఎనక. పడినకాడ వాడు చెంబు వంచితే, ఎన్నాళ్ల దప్పికో, రోడ్డు గటగటా తాగేసింది.

ఇప్పుడక్కడ ఉత్త దుమ్ము. సాయంత్రమైతే నాగరత్నమ్మ చెప్పులేసుకోని వాకిట్లోకి వస్తది. ఎక్కడ కూచోవాలో తెలీక మళ్లీ లోపలికి పోతది.