ఐస్‌క్రీం గంట కాదది

ఇటు జరుగు. ఆ గిన్నె నా ఒళ్లో పెట్టు, బంగాళాదుంపలు నేను ఒలుచుకుంటాను, నువ్వు చెవులప్పగించు చాలు. గ్రాండ్ ప్రి కార్ల పందెం అనగానే నీకు వెండి కప్పు, మెళ్లో దండ, చప్పట్లు గుర్తొస్తాయి. మన రోడ్డు వంపు దగ్గర కాపురాలు చేసినవాళ్లకి మాత్రం ముసలి లియోకాడి గది గుర్తొస్తుంది. ఇది ఆవిడ కోడలు గిస్లేన్ పడ్డ పాట్లు.

కార్లకు ఇంజన్ వెనక పెట్టడం మొదలైన కొత్త రోజులు. ఆ ఏడు ఛాంపియన్‌షిప్ మన కొండల్లోకి జూన్ నెలలో వచ్చింది. అప్పట్లో పందేనికి వేరే దారంటూ ఏముంది? మూడు ఊళ్లను చుట్టి వచ్చే మామూలు రోడ్డుకే తాళ్లు కట్టి మూసేసేవారు. శనివారం దాకా పాలబండ్లు తిరిగిన రోడ్డు మీదే ఆదివారం ఆ దయ్యాలు ఉరికేవి. మూశారంటే ఇక లోపలివాళ్లు లోపలే, బయటివాళ్లు బయటే. లియోకాడి ఇల్లు లోపల, సరిగ్గా వంపు మీద. చర్చి బయట. గట్టిగా పిలిస్తే వినపడేంత దూరం, కానీ మధ్యన రోడ్డు.

పందెం నాడు ఊరు ఊరులా ఉండేది కాదు. నిన్నటిదాకా కంచె పక్కన గడ్డి కోసుకున్న చోట ఎవరెవరో వరుసగా నిలబడి ఒంటికి పోసుకునేవారు. ఆడవాళ్లు అటు చూడకుండా బావి దగ్గరకు పోయే వీల్లేదు. వేపిన నూనె కంపు, పెట్రోలు కంపు, బీరు తాగి కక్కిన కంపు కలిసిపోయి పశువులు సైతం మేత మానేసేవి. గిస్లేన్ పొద్దున్నే తలుపు తీసి ఆ గాలి పీల్చి "ఛీ" అనేది. ఆ ఏడైతే రోజంతా ఆమె నోట్లోంచి ఆ మాటే ఎక్కువసార్లు వచ్చింది.

అసలు రోత బయట కాదు, ఇంట్లోనే ఉంది. వంపుని నిండుగా చూడగలిగిన కిటికీ ఆ ఇంట్లో ఒక్కటే, అది మేడ మీద ముసలావిడ గదిలో ఉంది. దాన్ని గిస్లేన్ మొగుడు సెర్వే చలికాలంలోనే పందెం రోజుకి బ్రస్సెల్స్‌లోని ఓ పరుపుల వ్యాపారికి అద్దెకిచ్చేశాడు. అప్పటికి లియోకాడి లేచి తిరుగుతోంది. ఈస్టర్ వెళ్లాక మంచం పట్టింది.

"వాళ్లని రావద్దని చెప్పండి" అంది గిస్లేన్.

"ఇచ్చిన మాట ఎలా వెనక్కి తీసుకోను?"

"మీ అమ్మ ఆ గదిలో చావుబతుకుల్లో ఉంది."

"ఈస్టర్ నుంచీ అలాగే ఉంది కదే. ఆవిడ మంచాన ఉంటుంది, వాళ్లు కిటికీ దగ్గర ఉంటారు. ఎవరికి ఎవరు అడ్డం?"

వచ్చారు. పరుపుల వ్యాపారి, ఆయన పెళ్లాం, బావమరిది. ఆవిడ వస్తూనే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని "కిటికీ తెరిచే ఉంటుందిగా?" అని అడిగింది. బల్ల మీద మందుసీసాలున్నాయని బావమరిది వేపిన కోడి బుట్టని తెచ్చి ముసలావిడ కాళ్ల దగ్గర, దుప్పటి మీద పెట్టాడు. గిస్లేన్ బుట్ట తీసి నేల మీద పెట్టింది. ఆమె గుక్కెడు నీళ్లు తెచ్చేలోపు బుట్ట మళ్లీ మంచమెక్కింది.

అప్పుడే లియోకాడి కోడలి చెయ్యి పట్టుకుంది. "ఫాదర్‌ని పిలువమ్మాయ్. ఇంక ఆగను."

ఇన్నాళ్లూ ఆ మాట ఎవరెత్తినా ముసలావిడ కసురుకునేది. "నూనె రాయించుకుంటే చావుని నేనే పిలిచినట్టు" అనేది. కానీ ఆవిడకి ఉన్న భయం ఒక్కటే. యుద్ధం చివరి చలికాలంలో ఆవిడ మొగుడు అడవిలో, మంచులో, ఫాదర్ లేకుండా, చావుముందు నుదుటికి రాసే పవిత్ర తైలం, అదే అవస్థ అభ్యంగనం, అందకుండా పోయాడు. "ఆయన ఎటు పోయాడో ఏమో. నేనలా పోను. నుదుటి మీద ఆ తైలం తడి తెలిశాకే కళ్లు మూస్తాను" అని ఎన్నిసార్లు అందో గిస్లేన్‌కి లెక్కలేదు. ఎలాగైనా తెస్తానని మాటిచ్చింది కూడా.

"మీరు ఇక్కడే కూర్చోండి, కదలకండి" అని సెర్వేకి చెప్పి ఆమె పరుగెత్తింది.

పందెం అప్పటికే మొదలుకావాల్సింది. కానీ ఎవరో పెద్దమనిషి కారు జనంలో ఇరుక్కుందట, ఆయన వచ్చి కూర్చునేదాకా మొదలుపెట్టరట. మైకులో ఆ సంగతి గొప్పగా చెబుతున్నారు. ఆ సందులో గిస్లేన్ తాడు కిందనుంచి దూరి రోడ్డు దాటేసింది. ఫాదర్ పోలే భోజనం ముగించి, చేతులు కడుక్కుని, చర్చిలో తైలం, ప్రభువు శరీరమని కొలిచే సత్ప్రసాదపు అప్పం తీసి, భుజాల మీద తెల్లటి వస్త్రం సర్దుకునేసరికి కొండంతా ఒక్కసారి ఊగింది. పందెం మొదలైపోయింది.

మన ఊళ్లో సత్ప్రసాదం రోడ్డెక్కితే పద్ధతొకటుంది, నీకు తెలియంది కాదు. ముందు గంట, వెనక ఫాదర్. ఆ గంట వినపడితే బండి తోలేవాడు బండి ఆపి దిగుతాడు, పొలంలో ఉన్నవాడు మోకాళ్లూనుతాడు. దేవుడు నడిచే దారిలో దేవుడి కంటే ముందు ఎవరూ పోరు. చర్చి చూసుకునే ముసలి రెమాకల్ గంట మోగిస్తూ ముందు నడిచాడు. వెనక ఫాదర్. ఆ వెనక గిస్లేన్.

గట్టు మీద జనం తిరిగి చూశారు. ఒక లావుపాటి మనిషి చేతిలో చిల్లర పట్టుకుని ఎదురొచ్చి, "వెనీలా ఉందా, నిమ్మకాయా?" అని అడిగాడు. ఆయన వెనక ఇద్దరాడవాళ్లు, వాళ్ల వెనక ఇంకో నలుగురు. పట్నం నుంచి వచ్చిన ఐస్‌క్రీం బండ్లకీ అచ్చం అలాంటి గంటే ఉండేది మరి.

"ఇది ఐస్‌క్రీం కాదయ్యా, దేవుడు!" అన్నాడు రెమాకల్.

"అయితే ఖాళీ చేతుల్తో గంటెందుకు కొడతావు తాతా?" అన్నారెవరో. గట్టంతా పకపకలు. ఫాదర్ ముఖం కందిపోయింది.

తాడు దగ్గర పసుపు జెండా పట్టుకుని ఉన్నది పక్కింటి జెనోబ్. లియోకాడి చేతి రొట్టెలు తిని పెరిగినవాడే. చేతికి పందెంవాళ్ల పట్టీ కట్టేసరికి మనిషి బిగుసుకుపోయాడు.

"జెనోబూ, దాటనివ్వు. అత్తయ్య పోయేలా ఉంది."

"నా చేతుల్లో లేదొదినా. టెలిఫోన్‌లో పందెం పెద్దల్ని అడుగుతానుండు." పెట్టెలో ఉన్న టెలిఫోన్ తిప్పి అరిచి అరిచి చెప్పాడు. విన్నాడు. తల దించుకున్నాడు.

"ఏమన్నారు?"

"వద్దులే వదినా."

"ఏమన్నారో చెప్పు."

"పందెం అయ్యేదాకా ఆవిడ ఆగగలదేమో కనుక్కోమన్నారు."

గిస్లేన్ తాడు పట్టుకుని గుంజింది. "ఇందాక ఆ పెద్దమనిషి కుర్చీలో కూర్చోడానికి ఆగింది కదరా ఈ పందెం? ఆయన పిర్రలకున్న విలువ మా అత్త ప్రాణానికి లేదా?"

"అప్పుడు మొదలవలేదు కదా..." అని నసిగాడు జెనోబ్.

కార్లు వచ్చాయి. ముందు ఎర్రది, దాని తోక పట్టుకుని పచ్చది, తర్వాత మిగతావి. చెవులు తూట్లు పడ్డట్టు అరిచి పోయాయి. ఆ తర్వాత? ఆ తర్వాత ఏమీ లేదు. మన రోడ్డు పొడుగైంది, చుట్టూ తిరిగి రావాలి. అంతసేపూ రోడ్డు బోసిగా, పిల్లి నడిచినా భయంలేనట్టు పడి ఉంది. జెనోబ్ ఆ ఖాళీ రోడ్డు కేసి చూసి, నేల చూపులు చూస్తూ గొణిగాడు. "నేను అటు తిరిగి ముక్కు చీదుకుంటాను. చివరి కారు పోగానే ఉరకండి. నేనేమీ చూడలేదు."

గిస్లేన్ ఫాదర్ కేసి తిరిగింది. "పదండి ఫాదర్‌గారూ, ఈ చుట్టు పోగానే పరిగెడదాం."

ఫాదర్ పోలే కదల్లేదు. "పరుగా? గుండెల మీద ప్రభువుని పెట్టుకుని కోళ్లదొంగలా పరిగెత్తనా? నేను నడుస్తాను. వాళ్లు ఆగాలి. రెమాకల్, గంట కొట్టు."

రెమాకల్ కొట్టాడు. అవతల్నించి ఇంకెవరో "వెనీలా!" అని అరిచారు. కార్లు వచ్చాయి, పోయాయి. రోడ్డు ఖాళీ అయింది. ఫాదర్ గడ్డం పైకెత్తి నిలబడే ఉన్నాడు. "గట్టిగా కొట్టు."

మళ్లీ వచ్చాయి, మళ్లీ పోయాయి. గిస్లేన్‌కి ఏడుపు రాలేదు, అసహ్యమేసింది. అప్పటిదాకా తాగుబోతుల మీద, టెలిఫోన్ వాళ్ల మీద ఉన్నదంతా ఇప్పుడు ఈ నల్ల అంగీ మీదికి పొంగింది. అక్కడ ఆ ఎర్రకారు వాడికి వాడి పందెం ముఖ్యం, ఇక్కడ ఈయనకి ఈయన మర్యాద ముఖ్యం. ఒకళ్లు ఆగరు, ఒకళ్లు కదలరు. మధ్యన నలిగేది మంచం మీద ఉన్న ముసలిది.

"ఫాదర్‌గారూ," అంది పళ్లబిగువున, "ప్రభువు నీళ్ల మీదే నడిచాడని మీరేగా చెప్పారు. తారు మీద నాలుగడుగులు పరిగెత్తలేడా?"

"నోరు జాగ్రత్త గిస్లేన్."

"మీరు రాకపోతే ఆ తైలం నా చేతికివ్వండి. పాపమైతే నాకే తగలనీండి."

ముసలి రెమాకల్ గంట నాలుక వేళ్లతో పట్టి ఆపేశాడు. "పోదాం ఫాదర్. లియోకాడి మనకోసం ఎదురుచూస్తుంటుంది. మనమేమో వీళ్ల దణ్ణాల కోసం ఎదురుచూస్తున్నాం."

ఫాదర్ రోడ్డు కేసి తిరిగాడు. చివరి కారు పోగానే అంగీ మోకాళ్లదాకా ఎత్తి పట్టుకున్నాడు. జెనోబ్ అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ముగ్గురూ దాటారు. నడిరోడ్డున ఫాదర్ టోపీ ఎగిరిపోయింది. గట్టు మీద జనం లేచి ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు, "ఫాదర్ ముందున్నాడు, ఫాదర్ ముందున్నాడు!" అని అరిచారు. తాళ్లలోంచి దూరేటప్పుడు ఎవడో ఆయన మీద బీరు చిలకరించాడు.

ఇంటి ముందు గడ్డిమైదానంలో సెర్వే చేతులూపుతూ కార్లు నిలబెట్టిస్తున్నాడు. గిస్లేన్ ఆయన చెయ్యి పట్టి ఆపింది. "మీరు ఇక్కడేం చేస్తున్నారు?"

"ఇప్పుడే దిగానే. పైన మనుషులున్నారుగా."

మనుషులున్నారు. ముగ్గురూ కిటికీలోంచి సగానికి బయటికి వంగి ఉన్నారు. మంచం మీద లియోకాడి కళ్లు తెరిచి తలుపు కేసే చూస్తోంది. ఆ చూపు గిస్లేన్ లోపలికొచ్చినా కదల్లేదు. గడ్డం కింద ఏదో జిగటగా తడి.

"ఎప్పుడు?" అంది గిస్లేన్.

పరుపులాయన పెళ్లాం వెనక్కి తిరిగింది. "అరే, వచ్చారా. ఇందాక ఏదో అడిగారండీ, మూడు నాలుగుసార్లు. ఈ మోతలో ఏం వినపడుతుంది? దాహమేమో అని మా తమ్ముడు నిమ్మకాయ సోడా పట్టాడు. తర్వాత పడుకున్నారు."

"కళ్లు తెరిచి పడుకుందా?"

ఆవిడ అప్పుడు చూసింది. "అయ్యో" అని, ముందు తన కోడి బుట్ట మంచం మీదనుంచి తీసుకుంది.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. వాడు నయం, అడగనన్నా అడిగాడు.

ఫాదర్ పోలే మంచం పక్కన మోకాళ్లూనాడు. టోపీ లేదు, మెడమీద బీరు కారుతోంది. ముసలావిడ చెంప ముట్టుకుని చూశాడు. ఇంకా వెచ్చగానే ఉంది. తైలంలో వేలు ముంచి నుదుటి దగ్గరకు తెచ్చి ఆగాడు. అప్పుడు చదవడం మొదలుపెట్టాడు. గిస్లేన్‌కి లాటిన్ రాదు. కానీ ఊళ్లో ఎందరి మంచాల దగ్గరో నిలబడింది, ఆ ప్రార్థన మొదలయ్యే తీరు చెవులకి తెలుసు. ఈసారి ముందొక కొత్త మాట వచ్చింది. "సీ..." అన్నాడు ఫాదర్. మన ఇళ్లలో మాట్లాడే భాషలోనూ ఆ మాటకి అదే అర్థం. ఒకవేళ. ఒకవేళ నువ్వింకా బతికి ఉంటే.

"ఎందుకు ఫాదర్ అలా చదివారు?"

"ప్రాణం ఉందో పోయిందో తెలియనప్పుడు అలాగే చదవాలమ్మా."

"అందిందా ఆవిడకి?"

ఆయన అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "నాకు తెలియదు గిస్లేన్" అన్నాడు, తలెత్తకుండా. "ముందే పరిగెత్తి ఉండాల్సింది."

మన పద్ధతి ప్రకారం ఇంట్లో శవం ఉంటే రోడ్డువైపు కిటికీ తలుపులు మూస్తారు. గిస్లేన్ కిటికీ దగ్గరకు పోయింది. సెర్వే అప్పటికి పైకొచ్చాడు. తల్లిని చూశాడు, శిలువ గుర్తు వేసుకున్నాడు, తర్వాత కిటికీ దగ్గరున్నవాళ్లని చూశాడు. పెళ్లాం చెవి దగ్గరికి వచ్చి, "ఇంకెంతో లేదే. దండ వేసేదాకా ఆగకూడదా? వీళ్లు ఇంతదూరం నుంచి వచ్చారు" అన్నాడు.

గిస్లేన్ ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. బావమరిది ఇంకా కిటికీలోంచి వంగే ఉన్నాడు. అతని చొక్కా పట్టుకుని లోపలికి లాగి తలుపులు మూసి గడియ పెట్టింది. చీకటి గదిలో పరుపులాయన "మేం డబ్బిచ్చాం కదండీ" అన్నాడు. బయట ఎర్రకారు గెలిచిందని మైకు మొత్తుకుంది. గిస్లేన్ తడిగుడ్డ తెచ్చి అత్తగారి గడ్డం కింది సోడా జిగటని తుడిచింది. నుదుటి మీది తైలం జోలికి మాత్రం పోలేదు. ఫాదర్ తలవంచుకుని పక్కనే నిలబడ్డాడు. ఆమె ఆయన్ని కూర్చోమనలేదు.

తర్వాత బతికినన్నాళ్లూ గిస్లేన్ సెర్వేకి అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది. ఆయనతో కలిసి ఒకే బల్ల దగ్గర మాత్రం కూర్చోలేదు. ఆమెకి అర్థంకానిది ఒక్కటే మిగిలింది, ఆ ఒకవేళ. తైలం అత్తకి అందినట్టా, అందనట్టా? ఆ ప్రశ్న గిస్లేన్‌తోనే పోయింది.

ఇదీ సంగతి. ఆ ఏడాది పందెం గురించి చెప్పేవాళ్లు నీకు చాలామంది తగులుతారు, ఎర్రకారు పచ్చకారుని ఎక్కడ దాటిందో వేలుపెట్టి చూపిస్తారు. చెప్పనీ. వాళ్లు చెప్పడం అయ్యాక, ఆ వంపులో మేడమీద కిటికీ వెనక లియోకాడి ఉండేదని నువ్వు చెప్పు. మర్చిపోకు, నీ పిల్లలకీ చెప్పు.