అరవై అట్టల అంచు

యాభై ఏళ్ళు దాటిన భిక్షపతి కాళ్ళు ఇక చాలని ఎప్పుడో మొరపెట్టుకున్నాయి. మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి కాళ్ళ మాట వినే తీరిక ఎక్కడిది? పైగా ఇప్పుడు నెత్తిమీద జకార్డు యంత్రం ఒకటి వచ్చి కూర్చుంది.

నేతసంఘం వాళ్ళు మోత్కూరు మొత్తానికి ఇచ్చింది అదొక్కటే. అంచులో పువ్వు ఎలా రావాలో చిల్లులు కొట్టిన అట్టలు చెబుతాయి. అడ్డంగా వేసే ఒక్కో పోగుకు ఒక అట్ట. అన్నిటినీ దండలా కుట్టి మగ్గం పైన తిప్పాలి. ఎనిమిది రేకుల పువ్వుకు నూట పద్దెనిమిది అట్టలు పడ్డాయి. ఇల్లేమో పొట్టిది. దండ కిందికి జారి, పడుగు మీద ఈడ్చుకుంటూ పోగులు తెంపుతోంది. వెనక గోడకు కంత పెడితే దండ వంటింట్లోకి వేలాడుతుంది కదా అని అందరూ అన్నారు. బాపు, కన్నతండ్రి, తన చేతులతో పెట్టిన గోడ, దాని జోలికి పోనని భిక్షపతి మొండికేశాడు. నెలలోగా చీర దిగకపోతే జకార్డును వేరే ఇంటికి మారుస్తామని సంఘం కబురు పెట్టింది. అది పోతే మళ్ళీ ముతక తువ్వాళ్ళే గతి. ఈ వయసులో ఆయనకు అంతకంటే నామర్దా లేదు.

మూడు రోజులు పని మానేసి పువ్వునే చూస్తూ కూర్చున్నాడు. నాలుగో రోజు కిటుకు దొరికింది. పై సగం వేరే ఏమీ కాదు, కింది సగమే తలకిందులుగా. అరవై అట్టలు ముందుకు తిప్పి, కొసల రెండూ వదిలి మిగతావి వెనక్కి తిప్పితే పువ్వు పూర్తవుతుంది. అట్టలకు చిల్లులు కొట్టే రామచంద్రయ్య ఒక కొక్కెం బిగించి తాడు కట్టిచ్చాడు. తాడు లాగితే దండ ఎదురు తిరుగుతుంది. ఒక్క పోగు ఆలస్యమైతే మాత్రం పువ్వు నడుమ మళ్ళీ మొదలు వచ్చి కూర్చుంటుంది.

నేసేవాడి కాళ్ళూ చేతులూ పనిలోనే ఉంటాయి. పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టేది భార్య లక్ష్మీనర్సమ్మ. కాబట్టి తాడు ఆమె చేతికి వచ్చింది. చేస్తావా అని ఎవరూ అడగలేదు, ఆమె కాదనలేదు. ప్రతి యాభై తొమ్మిది పోగులకు ఒక లాగు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా, గడపలో ఎవరు పిలిచినా లెక్క తప్పకూడదు.

చీర దిగింది. సగం అట్టలతో నిండు పువ్వు తెచ్చాడని సంఘం మనిషి భుజం తట్టి, ఇంకో పన్నెండు చీరలు నెయ్యమన్నాడు. ఊళ్ళో అందరూ భిక్షపతి బుర్ర గురించే చెప్పుకున్నారు. ఆయనా మురిసిపోయాడు, దాచడం దేనికి.

ఐదో చీర నడుమ లక్ష్మీనర్సమ్మ జ్వరంతో పడిపోయింది. తానే లెక్క పెట్టుకుంటానని భిక్షపతి గుంటలో దిగాడు. నలభై దాటితే చాలు, అంకె జారిపోయేది. మధ్యాహ్నానికి మూడు పువ్వులు చెడితే, మూడూ విప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎట్లా గుర్తుపెట్టుకుందో అడుగుదామని ఆమె పడుకున్న ముందరి అర్రలోకి వెళ్ళాడు.

ఆమె కళ్ళు మూసుకునే ఉంది. పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందనుకుని వంగి విన్నాడు.

"యాభై ఏడు... యాభై ఎనిమిది... యాభై తొమ్మిది."

చెయ్యి లేచి, లేని తాడును లాగింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

"మగ్గం ఆపిన. జర పండుకో," అన్నాడు.

"తాడు ఎవలు గుంజుతున్నరు మరి?" అని కళ్ళు తెరవకుండానే అడిగి, ఆమె తన లెక్కలో పడింది.

తగ్గించాడని ఊరంతా చెప్పుకున్న అట్టలు ఎక్కడికీ పోలేదని భిక్షపతికి అప్పుడు తెలిసింది. అవి ఆమె తలకెక్కి కూర్చున్నాయి. ఆయనకు చాలా సిగ్గేసింది.

రామచంద్రయ్యను పిలిపించాడు.

"విప్పిన యాభై ఎనిమిది గూడ మళ్ల దండకు కుట్టు, అన్నా."

అంత దండ ఈ ఇంట్లో ఎక్కడ వేలాడదీస్తావని రామచంద్రయ్య అడిగాడు. భిక్షపతి మూలనున్న గడ్డపార తీసుకుని బాపు గోడ దగ్గరికి నడిచాడు. మొదటి పోటుకే మట్టి పెళ్ళ రాలింది. ముందరి అర్రలో లెక్క ఇంకా నడుస్తూనే ఉంది.