బొంత నడుమ ముక్క

బొంత కుట్టడం అనూరాధకు కొత్తేమీ కాదు. నెల్లిమర్లలో ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ముప్పై ఏళ్లలో ఎంతమంది పసివాళ్లకు, ఎంతమంది ముసలివాళ్లకు కుట్టిందో ఆమెకే గుర్తులేదు. ఈసారి చిక్కల్లా, ఇది కప్పుకోవడానికి కాదు, గోడకు తగిలించడానికట. హైస్కూలు టీచరు కౌముది వచ్చి, "విజయనగరంలో ఆడవాళ్ల చేతిపనులు ప్రదర్శనకు పెడుతున్నాం. మీ జీవితాన్ని ఒక బొంతగా కుట్టివ్వండి అనూరాధగారూ. నడుమ ముక్క మాత్రం మీదే అయి ఉండాలి" అనేసి చక్కా వెళ్లిపోయింది. శుక్రవారం వచ్చి పట్టుకెళ్తుందట. జీవితం కుట్టివ్వడమంటే జాకెట్టు కుట్టివ్వడమా?

చుట్టూ ముక్కలు ఇట్టే కుదిరాయి. మామగారి పంచె, అత్త అసిరమ్మ నేతచీర, మొగుడు తిరుమలరావు ఆఫీసు చొక్కాలు, కూతురు రేఖ స్కూలు గౌను. అన్నీ తను ఉతికినవే, ఆరేసినవే, మడతపెట్టినవే. నడుమకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. తన పాత చీరలేవీ? సగం స్టీలు సామాన్లవాడు పట్టుకుపోయాడు. వంటింట్లో ఉన్న బేసిన్లు ఆ చీరలే కాబోలు. అయితే నడుమ బేసిను కుట్టాలా? నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. ఏది ఎందుకొచ్చిందో తెలియలేదు.

ఆ అవస్థ చూసి తిరుమలరావు బీరువాలోంచి జరీ అంచు శాలువా తెచ్చాడు. రిటైరైన రోజు ఆఫీసువాళ్లు కప్పింది.

"దీన్ని నడిమిన ఎట్టు. జనం సూస్తారు. నీ జీవితమంటే ఏటి, నాతోటే కదా" అన్నాడు.

కోపంగా కాదు, ప్రేమగానే అన్నాడు. అదే ఆమెను మరీ తికమకపెట్టింది. నిజమేనేమో. అన్నేళ్లూ క్యారేజీ కట్టింది, చొక్కాలు ఇస్త్రీ చేసింది, ఆ శాలువాలో తనకూ ఓ కొస ఉండాలి. మరి ఆ సన్మానం రోజునే, "మా ఆవిడ ఖాళీయే, ఇంట్లోనే ఉంటాది" అని ఎవరితోనో చెప్పాడే. ఖాళీగా ఉన్నదాని జీవితానికి ఎంత గుడ్డ పడుతుంది? శాలువా పరిచింది, తీసింది, మళ్లీ పరిచింది.

మధ్యాహ్నం సీసాలోకి కాస్త ఆవకాయ తీద్దామని వెళ్లి, పెద్ద జాడీ ముందు నిలబడిపోయింది. గాలి చొరకుండా మూతికి కట్టిన వాసెన గుడ్డ. నూనె మరకల కింద నీలం రంగు, అక్కడక్కడా తెల్ల చుక్కలు. ఓలమ్మ, ఇది నా చీర. పెళ్లికి ముందు బీఈడీలో చేరినప్పుడు కొనుక్కున్న చీర. చదువు పెళ్లితో ఆగిపోయింది గానీ చీర ఆగలేదు. రేఖకు ఉయ్యాలైంది, మంచాన పడ్డ మామగారికి పక్కగుడ్డైంది, చివరికి జాడీ మూతికి చేరింది. ఎవరూ లాక్కోలేదు. తనే చింపింది, తనే కట్టింది. ఎవరిమీద కోప్పడాలి?

ముడి విప్పుతుంటే అరుగు మీంచి అసిరమ్మ చూసింది.

"వాసెన ఇప్పేస్తన్నావేటే? గాలి తగిలితే ఊరగాయ పాడైపోతాది."

"ఉతుక్కుంటానత్తా."

"ఆ మసిగుడ్డనేటి ఉతుకుతావు?"

"మసిగుడ్డ కాదత్తా. నా సీర."

"ఎప్పటిదే?"

"ఈ ఇంటికి రాకముందుది."

అసిరమ్మ లేచి వచ్చి, జాడీ మూతి మీద పళ్లెం బోర్లించింది.

రెండుసార్లు సబ్బు పెట్టినా మరక పోలేదు. పోకపోవడమే బాగుందనిపించింది, ఎందుకని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పలేకపోయేది. నడుమ పరిచి, అంచులు మడిచి టాకాలు వేసింది. ఇందులో ఉన్నది చదువుకోవడానికి వెళ్లిన పిల్లా, జాడీకి కాపలా కాసిన ఆవిడా? తెలియలేదు. తెలియకుండానే కుట్టుకుంటూ పోయింది.

సాయంత్రం తిరుమలరావు వచ్చి బొంతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నా శాలువా ఏదే?"

అనూరాధ సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"సరిపడా కత్తిరించి జాడీకి కట్టినాను. గాలి తగిలితే ఊరగాయ పాడైపోతాది కదా."