బొట్టు పెట్టుకున్న పెట్రోలు క్యాను

నేను ఒక పది లీటర్ల ప్లాస్టిక్ క్యాను. ముందే ఒప్పుకుంటున్నా: ఒక పూట నన్ను దేవతనుకున్నారు, నేను కాదనలేదు.

పుట్టింది విజయవాడ ఫ్యాక్టరీలో. శ్రీకాకుళంలో అసిరమ్మ చేతికొచ్చాక, కిరోసిన్ లైన్లో ఆమె బదులు నిలబడటం నేర్చుకున్నాను. ఇడ్లీ కొట్టు పెట్టడానికి ఈ బుల్లి దీవి దేశానికి వస్తూ నన్నూ సామాన్లలో కట్టింది. అందరూ నవ్వారు.

ఇక్కడ చమురు చుక్క పుట్టదు, అంతా ఓడల్లో రావాల్సిందే. చమురమ్మే పెద్ద దేశం మీద ఇంకో పెద్ద దేశం ఆంక్షలు పెట్టింది. ఓడలు ఆగాయి. ఎద్దులు కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరిగినట్టు, ఎవరితోనూ తగవులేని దీవిలో బంకు ముందు మైలు పొడుగు లైను. అసిరమ్మ నన్ను లైన్లో పెట్టి ఇడ్లీలు వేసుకోవడానికి వెళ్ళిపోయింది. వారం తిరిగేసరికి లైన్లో మనుషుల్లేరు, అన్నీ క్యాన్లే. దారినపోయేవాళ్ళు కాలితో ముందుకు జరిపేవాళ్ళు.

ఇంతలో అసిరమ్మ చెల్లెలి కూతురు రోహిణి పెళ్ళి, ఎదుటి లంకలో. మోటారు పడవకి ఐదు లీటర్లు కావాలి. శుభమా అని అసిరమ్మ నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పొద్దున్నే లైన్లో నిలబెట్టి పులిహోర కలపడానికి పోయింది.

ఎవరో కాలెత్తారు. అసిరమ్మ ఇడ్లీలు తిని తిని తెలుగు నేర్చుకున్న జాలరి బెనడిక్టు అరిచాడు: "బొట్టుంది! కాలు తగలకూడదు!"

"అయితే చేత్తో జరుపు."

"నా చేతులు చేపల కంపు!"

క్యాన్లన్నీ నన్ను దాటుకుని ముందుకెళ్ళాయి. నేను హాయిగా కూర్చున్నాను. అసిరమ్మ వచ్చేసరికి బంకు మూసేశారు.

వెనకే బాసికంతో పెళ్ళికూతురు. "ఏటి పెద్దమ్మా, పెళ్ళికి నేను ఈదుకుంటూ ఎల్లాలేటి?"

"ఓలమ్మో! బొట్టెట్టి నేనే చెడగొట్టీసినానే!"

బెనడిక్టు సిగ్గుపడుతూ ఒక స్టీలు గ్లాసు తెచ్చాడు. తన క్యాన్లోంచి నిండుగా వంచుకుని నాలో పోశాడు. "దేవతకి నైవేద్యం." వెనకే మళ్ళీ లైను. ఈసారి క్యాన్లు కాదు, మనుషులే. పాతిక గ్లాసులకి ఐదు లీటర్లు నిండాయి.

"పోసినోలందరూ బోజనానికి రావాల!" అంది అసిరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"ఎలా రావాలి? మా పెట్రోలు నీ క్యాన్లో ఉంది!" అన్నాడు బెనడిక్టు.

"తెడ్లేసుకుని రండి!"

నిజంగానే వచ్చారు. పెళ్ళి పడవ వెనకాల పాతిక తెడ్ల పడవలు. పులిహోర చాల్లేదు.

ఇప్పుడు ఓడలొస్తున్నాయి. నేను ఇడ్లీ కొట్టు అటక మీద ఉన్నాను. బొట్టు వెలిసిపోయింది, అయినా నన్నెవరూ కాలితో జరపరు.

మీ బదులు లైన్లో నిలబడ్డ సంచో, చెప్పో, ఇటుకో ఉండే ఉంటుంది. దాని కథ రాసి పంపండి. మూత తీసి వింటాను.