నాలుగో ఫోను

పట్టీలో చివరి పేరెదుట గడి ఖాళీగానే మిగిలింది. పొద్దుటి నుంచి మూడుసార్లు చేసినా ఫోను ఎవరూ ఎత్తలేదు.

పిల్లల గుండె ఆసుపత్రిలో అందరూ లెక్కలమ్మ అని పిలిచే ఆమె పని అదే: ఆపరేషనైన ముప్పయ్యో రోజున ఇంటికి ఫోను చేసి, బిడ్డ ఎలా ఉందో అడిగి రాసుకోవడం. మూడు నెలలకోసారి ఆ లెక్క కింది అంతస్తు ద్వారం పక్క గోడకెక్కుతుంది. ఇన్ని ఆపరేషన్లు, ఇంతమంది దక్కలేదు. బిడ్డను చంకనేసుకొచ్చిన తల్లులు దాన్ని వేలు పెట్టి చదువుకుంటారు. పందొమ్మిదేళ్లుగా ఫోను ఒరుసుకుని ఆమె కుడిచెవి కమిలినట్టుంటుంది. ఇంటి నుంచి అక్క "తిన్నావుటే?" అని ఫోను చేసినా ప్రాణం విసుగెత్తుతుంది.

"తేల్చారా లెక్కలమ్మా, నాన్చుతున్నారా?" పెద్దడాక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. "మూడుసార్లు చేశాక 'తెలియలేదు' అని రాయొచ్చుగా. నియమమే కదా."

"రాయొచ్చు సార్."

"మరింకేం? ఒక్కరూ పోని మూడు నెలలు పదేళ్లలో ఇవే. మీ చేత్తో సున్నా వేసెయ్యండి."

చెడ్డవాడు కాడు. ఆరుగంటలు ఆపరేషనులో నిలబడిన కాళ్లతో గుమ్మానికి ఆనుకున్నాడు. ఆ సున్నా ఆమెకీ కావాలి. కావాలనే కాదూ, మూడుసార్లూ ఐదు మోతలకే పెట్టేసింది?

నాలుగోసారి చేసింది. చాలాసేపటికి ఓ ముసలిగొంతు పలికింది.

"ఎవరూ?"

"గుండె ఆసుపత్రి నుంచమ్మా. పాప ఎలా ఉంది?"

"మా మనవరాలా? పోయిన బుధవారం మమ్మల్ని వదిలేసింది తల్లీ. రెండ్రోజుల జ్వరం, అంతే. ఆసుపత్రి నంబరని కోడలు ఫోను ఎత్తనివ్వలేదు. ఏమని చెప్పను అంటుంది."

లెక్కలమ్మ కలం మూత తీసింది.

"గోడమీద రాయాలమ్మా. అందుకని..."

"పేరు వేస్తారా?"

"పేరు వెయ్యమమ్మా. ఒకటి అని వేస్తాం."

"ఒకటి," అంది ముసలామె.

లెక్కలమ్మ గడిలో రాసింది. పెద్దడాక్టరు వంగి గడిలోకి చూశాడు. తలమీది గుడ్డటోపీ తీసి మడత పెట్టుకున్నాడు.

"అచ్చుకు పంపెయ్యండి," అని వెళ్లిపోయాడు.

అవతల ఫోను ఇంకా పెట్టలేదు.

"అమ్మాయ్, మందు చల్లగా ఉంచమన్నారుగా. ఇంకా సగముంది. ఏం చెయ్యమంటావు?"

అలా ఎవరూ అడగలేదు ఇన్నేళ్లలో. ఫోనులో ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడైంది. ఆ సీసా ఎలా ఉంటుందో లెక్కలమ్మకు తెలుసు: వేలెడు గాజుసీసా, దాని మీద నర్సు చేతిరాత. రెండుపూటలా ఐదేసి చుక్కలు.