మూడు వేలిముద్రల పేరు

పట్నం పటం, అదే నక్షా, గీసేవాళ్లకు కొలిచే గొలుసులు, జెండాలు ఉంటాయి. నాకు మాత్రం ఒక బుక్కు, ఒక సిరాబుడ్డి. గల్లీ గల్లీ తిరిగి పేర్లు రాసుకోవడమే నా నౌకరీ. పదకొండేళ్లుగా ఒకటే కానూను: పేరు నేను చెప్పకూడదు, అక్కడివాళ్లే చెప్పాలి. ముగ్గురు ఇంటివాళ్లు ఒకే పేరు చెప్పి వేలిముద్ర వేస్తే అదే నక్షాలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదు.

1938లో యాకుత్‌పురా, మొఘల్‌పురాల హద్దు రాస్తూ మా గల్లీకే వచ్చి పడ్డాను.

దాని పాత పేరు గచ్చుబావి గల్లీ. ఆరేళ్ల కిందట మా బిడ్డ విజయలక్ష్మి ఆ బావిలో పడి చచ్చిపోయింది. దానికప్పుడు ఐదేళ్లు. బావి పూడ్చేశారు. అప్పటినుంచి జనం పిల్లబావి గల్లీ అంటున్నారు. జనం నోటికి తాళం వేయగలమా? నా భార్య రమాబాయి మాత్రం ఆ మాట అనదు. జట్కావాడికి చెప్పాల్సి వస్తుందని స్టేషన్ నుంచి ఎండలో మూటలు మోసుకుంటూ నడిచే వస్తుంది. నా సంగతా? ఆరేళ్లుగా నాకు ఏమీ అనిపించదు. కూరలో ఉప్పు లేకపోయినా తెలియదు.

ఆ పొద్దున రమాబాయి నా బుక్కు మీద చెయ్యి పెట్టింది.

"గా పేరు మాత్రం రాయకుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

"నా చేతుల ఏమున్నది? వాళ్లేం జెప్తే గదే రాస్త."

పాలవ్యాపారి బాలనర్సింహ, పక్కింటి ఆగయ్య, ఎదురింటి బుచ్చయ్య అరుగు మీద కూర్చున్నారు. కొత్త మనుషులను అడిగినట్టే అడిగాను.

"ఈ గల్లీ పేరేంది?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గచ్చుబావి గల్లీ, ముంషీ సాబ్" అన్నాడు బాలనర్సింహ.

అదే పొద్దున తన మనిషిని పాలు పిల్లబావి గల్లీకి తెమ్మని కేకేసింది ఇతనే! నా మొహం చూసి అబద్ధమాడాడు. మిగతా ఇద్దరూ తలూపారు. మూడు ముద్రలూ పడ్డాయి.

ఇంటికొచ్చి చెప్పాను. రమాబాయి సంతోషిస్తుందనుకున్నాను. ఆమె బియ్యం ఏరడం ఆపేసింది.

"అయితే నక్షాల మన పిల్ల లేదా?"

"నువ్వే గదా వద్దన్నవ్!"

"అన్న. తెల్వక అన్న. గీ ముసలోళ్లు పోయినంక గాడ ఒక పిల్ల ఉండెనని ఎవరికెరుక? జర దిద్దుండ్రి."

"ముద్రలు పడ్డయి. దిద్దరాదు."

ఆమె మళ్లీ చేట ముందేసుకుంది. లొల్లి చేసినా బాగుండేది. మర్నాడు బుక్కు దఫ్తర్‌లో ఇచ్చేశాను.

వారం తర్వాత ఆమె పుట్టింటి నుంచి వస్తుంటే స్టేషన్‌కు వెళ్లాను. ఎప్పటిలాగే నడుద్దామని మూట ఎత్తుకున్నాను. ఆమె పోయి జట్కా ఎక్కింది.

"కహా జానా, అమ్మా?" అన్నాడు జట్కావాడు.

"పిల్లబావి గల్లీ" అంది రమాబాయి. స్టేషన్ ముందున్న వాళ్లందరికీ వినపడేలా అంది.

వాడు గుర్రాన్ని అదిలించాడు. మూట ఒళ్లో పెట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను. ఆరేళ్లలో మొదటిసారి నాకు ఏడుపొచ్చింది.