వరద డ్యూటీ సోఫా

ముత్యాలమ్మ ట్రాక్టర్ గేరు వెయ్యబోతుంటే, ఆర్.ఐ. ప్రేమ్‌సాగర్ బైకు తెచ్చి అడ్డం పెట్టాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ గారు మామూలుగా ఈ వాడ మొహం చూసే మనిషి కాదు.

"బండి వరద డ్యూటీకి తీస్కుంటున్న. మా ఇంటికి పోనియ్. సామాను మా బావమర్ది మేడ మీదికి చేర్చాలె."

భద్రాచలం దగ్గర గోదావరికి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చి గంట దాటింది. వాడలో నీళ్లు అరుగుల దాకా వచ్చాయి. ముత్యాలమ్మ మొగుడు సంసోను బొగ్గుబావిలో షిఫ్టులో ఉన్నాడు. మోకాళ్లు పట్టేసిన నాంచారమ్మత్తతో కలిపి పదకొండు మంది ఈ ట్రాక్టర్ కోసమే మూటలు కట్టుకుని కూర్చున్నారు.

"ముందుగాల మా వాడోళ్లను బడికి చేర్చి వస్త సారూ. గట్ల కాదంటే కాగితమన్న ఇయ్యుండ్రి."

"నేను చెప్తే అదే కాగితం. బండి సీజ్ చెయ్యమంటవా ఏంది?"

నిరుడు ఇలాగే ఎదురు చెప్పిన ఎల్లస్వామి ట్రాక్టర్ రెండు నెలలు తహసీల్దారు ఆఫీసు వెనక ఎండకూ వానకూ పడి ఉంది. అది గుర్తొచ్చి ముత్యాలమ్మ బండిని ఆయన బైకు వెనకే పోనిచ్చింది. భయపడింది, దాచేదేముంది! కానీ ఆయన ఇంటి ముందు బండి ఆపేసరికి ఆ భయమంతా కోపమైంది. వరదొస్తే బండ్లు తీసుకునే అధికారం ఆయనకుంది, ఆమె కాదనదు. అది మనుషుల కోసం ఇచ్చిన అధికారం. ఆయన సోఫా కోసం కాదు.

కూలీలు సోఫా, ఫ్రిజ్, డబుల్ కాట్ ఎక్కించారు. "గీత పడొద్దు, పైలం" అని చెప్పి ఆర్.ఐ. బైకెక్కి, ఆఫీసులో మొహం చూపించడానికి పోయాడు.

రోడ్డు చీలే చోట ఎడమకు తిరిగితే బావమరిది మేడ. కుడికి తిరిగితే పునరావాస కేంద్రం పెట్టిన హైస్కూలు. వరద డ్యూటీ బండి ఎటు పోవాలి? ముత్యాలమ్మ కుడికి తిప్పింది.

బడి గేటు దగ్గర పంచాయతీ కార్యదర్శి శ్రావణి రిజిస్టర్ పట్టుకుని కూర్చుంది. డ్యూటీ బండి ఏదొచ్చినా ఎవరు పంపారో, ఏం తెచ్చిందో రాయకుండా లోపలికి వదలదు.

"ఏం తెచ్చినవక్కా?"

"సోఫా, ఫ్రిజ్, మంచం. ఆర్.ఐ. సారు వరద డ్యూటీ మీద పంపిండు. రాస్కో."

శ్రావణి పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. ఉన్నదున్నట్టు రాసింది. కేంద్రంలోని కుర్రాళ్లు పది నిమిషాల్లో సామాను వరండాలో దించేశారు.

ముత్యాలమ్మ వాడకు తిరిగొచ్చేసరికి నీళ్లు గడపలు దాటుతున్నాయి. నాంచారమ్మను కుర్చీతో సహా ట్రాలీలోకి ఎత్తారు. పదకొండు మందినీ రెండుసార్లు లెక్కపెట్టుకుని గాని ఆమె బండి కదిలించలేదు. బడి చేరాక, నేల మీద కూర్చోలేని నాంచారమ్మను నేరుగా తీసుకెళ్లి సోఫాలో పడుకోబెట్టింది.

సాయంత్రం ఆర్.ఐ. మొహం ఎర్రగా చేసుకుని ఊడిపడ్డాడు. అప్పుడే తహసీల్దారు కూడా కేంద్రం చూడటానికి వచ్చి, గేటు దగ్గర రిజిస్టర్ తిరగేస్తున్నాడు.

"ఈ సోఫా ఎవరిది ప్రేమ్‌సాగర్? నువ్వే పంపినవని రాసున్నది."

శ్రావణి పెన్ను అందించింది. "మీదే అయితే గీడ సంతకం పెట్టి తీస్కపోండ్రి సార్."

ఆర్.ఐ. పెన్ను వైపు చూశాడు. తహసీల్దారు వైపు చూశాడు. ముత్యాలమ్మ ట్రాక్టర్‌కు ఆనుకుని, చేతులు కట్టుకుని, ఆయన్నే చూస్తూ నిలబడింది.

"ఎవరిదో... నాకు తెల్వదు సార్."

సోఫాలోంచి నాంచారమ్మ కాళ్లు చాపుకుంటూ అంది:

"ఎవలదైతేంది బిడ్డా, ఆళ్లు సల్లగుండాలె. మస్తు మెత్తగున్నది."